ఇది ఎవురు సదువుతారమ్మా?

పోయిన నెల ఈ పేజీ రాలేదు. మీలో ఎంతమంది గమనించినారో నాకు తెలియదు. కుడిచేతి మణికట్టు వాచింది, పెన్ను పట్టుకోలేకుండా ఉన్నానని పత్రిక వాళ్ళకు ఫోన్ చేసి చెప్పినాను. పాపం నమ్మినారు. "పర్వాలేదమ్మా, బాగైనాకనే రాయండి" అన్నారు. నా చేతికి ఏమీ కాలేదు. ఆ నెలంతా రోజూ కండెలు చుడుతూనే ఉన్నాను. రాయబుద్ధి కాలేదు, అది ఒకటి. రాయకపోతే ఎవరైనా అడుగుతారేమో చూద్దామనే బుద్ధి కూడా పుట్టింది, అది రెండు. పత్రిక వాళ్ళు క్షమించాల. ఈ అబద్ధం ముందుగా ఒప్పుకుంటే గానీ తక్కిన సంగతి చెప్పలేను.

మూడేండ్లుగా నెలకొకసారి రాస్తున్నాను. రాసే చోటు చూస్తే నవ్వుతారు. మా ఇంట్లో వంటింటికీ నడింటికీ మధ్య ఒక గడప ఉంది. దాని మీద కూచుని, పిల్లోడి పరీక్ష అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని రాస్తాను. ఎదురుగా మగ్గం గుంత. మా మామ ఉన్నన్నాళ్ళూ అందులో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసినాడు. ఆయన పోయినాక మగ్గం అమ్మేసినాము, గుంత మీద బండలు పరిచినాము. మా ఆయన ట్విస్టింగ్ మిల్లులో చేరినాడు. నేను ఇంటి దగ్గరే కూలికి కండెలు చుడతాను. ఒక కండె నిండేలోపల తలలో ఒక మాట తయారవుతుంది. రెండో కండెకు అది మర్చిపోతాను. అందుకే కాగితం పక్కనే పెట్టుకుంటాను.

మా అత్త మంచం మీద కూచుని ఇదంతా చూస్తా ఉంటుంది. ఒకరోజు అడిగింది: "ఇంత రాస్తాండావు కదా, ఇది ఎవురు సదువుతారమ్మా?"

ఆమెకు సంతకం కూడా రాదు, వేలిముద్రనే. ఎగతాళికి అడిగింది కాదు. చీర నేస్తే షావుకారు తీసుకుంటాడు. ముద్ద కెలికితే ఇంట్లోవాళ్ళు తింటారు. చేసిన పనిని తీసుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాల కదా, అది ఎవరని అడిగింది.

"మిల్లోళ్ళు సదువుతారత్తా" అన్నాను.

"ఏ మిల్లోళ్ళు? నీ మొగుడూ మిల్లోడే కదా. వాడు సదువుతాండాడా?"

చదవడు. చదవడం రాదు. ఇది మా ఊరివాళ్ళకు విడమరచి చెప్పాల్సిన పనిలేదు గానీ, ధర్మవరంలోనో హిందూపురంలోనో ఈ పత్రిక చూసేవాళ్ళకు చెప్పాల. మా పావగడ తాలూకా కర్నాటకలో తుమకూరు జిల్లాకు చేరింది. పటంలో చూస్తే మూడు పక్కలా ఆంధ్రనే. హొసకోట సంతలో, మగ్గాల కాడ, పెండ్లిలో, కొళాయి దగ్గర పోట్లాటలో అంతా తెలుగే. టీవీలో తెలుగు సీరియల్లే. బడి మాత్రం కన్నడం. బస్సు బోర్డు, రేషన్ కార్డు, పహణీ, కరెంటు బిల్లు కన్నడం. మా ఆయన ఏడో తరగతి దాకా చదివినాడు, కన్నడ పేపరు గడగడా చదువుతాడు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. పిల్లలిద్దరూ అంతే. మరి తెలుగు చదివేదెవరంటే, ఆంధ్ర పక్కనుంచి కోడండ్లుగా వచ్చిన నాలాంటి వాళ్ళం. మాకు కన్నడం రాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు పుట్టింటికి పోవాలని కల్యాణదుర్గం బస్సనుకుని పావగడ బస్సెక్కి కూచున్నాను. బస్సు కదిలినాక కండక్టరు చెప్పేదాకా తెలియలేదు.

మా ఇంట్లో అలవాటు ఏమంటే, బయటినుంచి ఏ కాగితం వచ్చినా పిల్లలు నాకు చదివి చెప్తారు. నేను రాసిన కాగితం మాత్రం నేను ఒక్కరోజూ వాళ్ళకు చదివి చెప్పలేదు. తప్పు అక్కడ జరిగింది. దానికి వస్తాను.

చదివేవాళ్ళు ఉన్నారని గట్టిగా తెలిసింది ఒకే ఒకసారి. తిరుమణి పక్క సోలారు పార్కు గురించి రాసినాను, మీకు గుర్తుండవచ్చు. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు, రైతులు భూములు అమ్మకుండా కౌలుకిచ్చినారు అని అన్నీ సరిగ్గానే రాసినాను. ఎకరాకు 21,000 రూపాయలు అన్నచోట 'ఏడాదికి' అనడానికి బదులు 'నెలకు' అని రాసేసినాను. పత్రిక వచ్చిన మూడోరోజు పొద్దున్నే ఒక ముసలాయన కట్టె పట్టుకుని వాకిట్లో నిలబడినాడు. ఆయన ఎవరో మాకు తెలియదు.

"అమ్మా, రాసేది నువ్వేనా? నెలకు 21,000 ఐతే నేను ఈ వయసులో చెనక్కాయలు ఒలుస్తా ఎందుకు కూచుంటా?"

ఆ వారంలో ఇంకా ఇద్దరు వచ్చినారు. ఒకాయన కౌలు పత్రం నకలు కూడా జేబులో పెట్టుకుని వచ్చినాడు, నాకు చూపించడానికి. తలెత్తుకోలేకపోయినాను. అయినా లోపల్లోపల సంతోషంగానే ఉండింది. ముగ్గురు! మా అత్తకు చెప్తే, "ఐతే నెలనెలా ఒక తప్పు రాయి" అంది.

మా అమ్మ ధర్మవరంలో ఆంధ్రప్రభ వారపత్రిక పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుని చదివేది. అందులో మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' వచ్చేది. ఆడవాళ్ళు ప్రశ్నలు పంపుతారు, ఆమె జవాబులు రాస్తుంది. దశాబ్దాలపాటు నడిచింది. ఆమెకు నాలాంటి దిగులు ఉండి ఉండదు, ఉత్తరాలు వచ్చి పడుతుంటాయి కదా అని అనుకునేదాన్ని. అయితే మా అమ్మ ఒక్క ఉత్తరం రాయలేదు. పత్రిక కొననూ లేదు. పొయ్యి ముందర కూచుని చదివి, మడత నలగకుండా మళ్ళీ ఇచ్చి వచ్చేది. అందులో చూసి ఆవకాయలో ఆవపిండి కొలత మార్చుకుంది. నన్ను పదో తరగతి దాకా చదివించింది కూడా ఆ పేజీ చదివే అనుకుంటాను. ఈ సంగతి మాలతీ చందూర్ గారికి తెలిసే దారే లేదు.

ఇక తప్పు సంగతి.

నాలుగు నెలల కిందట గొలుసు గురించి రాసినాను. కూతురికి తుమకూరులో నర్సింగు సీటు వచ్చింది, ఫీజు కట్టడానికి నా మెడలో గొలుసు కుదువ పెట్టినాము. అది రాయడంలో ఏముంది, మన ఇండ్లలో గొలుసు మెడలో ఉండే రోజులకంటే కుదువలో ఉండే రోజులే ఎక్కువ. అయితే నేను ఇంకొక మాట కూడా రాసినాను. కుదువ అంగడికి పోయిన రోజు మా ఆయన లోపలికి రాలేదు, బయట అరుగు మీదనే కూచుని ఏడ్చినాడు అని.

ఏడ్చింది నిజం. ఇరవై రెండేండ్ల కాపురంలో ఆయన ఏడవడం నేను చూసింది రెండేసార్లు. మొదటిది మామ పోయిన రోజు. ఆ మాట రాయకపోతే ఆ గొలుసు సంగతి ఎవరికీ అంటదని నాకు అనిపించింది. పైగా ఆయన ఎటూ చదవడు కదా అనుకున్నాను. ఇట్ల అనుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు కష్టంగా ఉంది.

పత్రిక వచ్చిన వారానికి, రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఇంటికొచ్చినాడు. కాళ్ళు కడుక్కున్నాడు. టీ ఇచ్చినాను. గ్లాసు అట్లనే పెట్టినాడు.

"మిల్లులో నన్ను కర్చీఫు తెచ్చుకున్నావా అని అడుగుతాండారు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పినాడు. బాబిన్లు మార్చేటప్పుడు ఒక పిల్లోడు ఏడుపు రాగం తీసినాడంట. ఇంకొకడు, అన్నా గొలుసు యాడికి పొయ్యిందన్నా అన్నాడంట. మొదట ఈయనకు వాళ్ళు దేని గురించి నవ్వుతున్నారో తెలియలేదు. తర్వాత ఒకాయన పక్కకు పిలిచి, మీ ఇంటామె ఇట్ల రాసిందంట కదప్పా అని చెప్పినాడు.

"నవ్వినారని కాదే" అన్నాడు మా ఆయన. "నా గురించి నువ్వు రాసింది నాకు వాడు చెప్పాల్నా? నాకు చదువు రాదని కదా రాసినావు?"

రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు మామూలుగా "నీళ్ళు పెట్టు" అన్నాడు గానీ, నాకు మాత్రం మామూలు కాలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఎవరికీ తగలని విషయాలు రాసినాను. నాగలమడికె సుబ్రమణ్యస్వామి తేరు గురించి ఒకటి, కుక్కరు రబ్బరు గురించి ఒకటి. అవి చదివినవాళ్ళకే తెలిసి ఉంటుంది, ఉప్పు లేని సంగటి మాదిరి ఉండినాయి. మూడో నెల మణికట్టు వాచింది.

ఆ ఖాళీ నెలలో పుట్టింటినుంచి తెచ్చుకున్న రేకుపెట్టె తెరిచినాను. అందులో అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉంది, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. చిన్నప్పుడు సగం చదివి విడిచిపెట్టింది. ఈసారి పూర్తిగా చదివినాను.

వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో పెద్ద ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరినాడు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. పల్లకీలు, బోయీలు, డేరాలు, పెద్ద పరివారం. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా చూసుకుని, జగన్నాథం మీదుగా తిరిగి వచ్చినాడు. మజిలీ మజిలీకి రాస్తూ పోయినాడు. ఏ ఊర్లో బావి ఉంది, అంగళ్ళు ఉన్నాయా లేవా, దిగడానికి తావు ఉందా, దారి రాళ్ళా ఇసకా. దేవుళ్ళ గురించి కూడా ఉంది గానీ, నేను వేలు పెట్టి చదివింది నీళ్ళ గురించి. మా తాలూకా నీళ్ళలో ఫ్లోరైడు. మాకు ఏ కొత్త ఊరికి పిల్లనిచ్చినా మొదట అడిగేది అక్కడ నీళ్ళు ఎట్లున్నాయనే.

ఆయన ఇదంతా ఎవరికోసం రాసినాడంటే, కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే స్నేహితుని కోసం. ఆయన రాయమన్నాడు, ఈయన రాసి పంపినాడు. అంటే రాసేటప్పుడు కండ్లముందు ఒక మనిషి మొగం ఉండింది. ఆ అదృష్టం అందరికీ రాదు. 1836లో వీరాస్వామయ్య పోయినాడు. 1838లో ఆ స్నేహితుడే దాన్ని అచ్చు వేయించినాడు. తన పుస్తకం అచ్చులో ఎట్లుంటుందో వీరాస్వామయ్య చూడలేదు. మళ్ళీ వందేండ్లు దాటినాక, 1941లో, దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని వెదికి అచ్చుకు తెచ్చినారు. ఇన్ని చేతులు మారి హొసకోటలో మగ్గం గుంత మీద కూచున్న నాదాకా వచ్చింది.

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయినాను. పల్లకీ మోసే బోయీల దగ్గర. వాళ్ళు లేకుంటే ఆయన ఊరి పొలిమేర దాటడు. అడవులు, ఏరులు, వానలు, అన్నీ వాళ్ళ భుజాల మీదనే దాటినాడు. వాళ్ళూ ఆ పుస్తకంలో ఉన్నారు. మజిలీలో రాత్రి ఆయన దీపం పెట్టుకుని రాస్తుంటే వాళ్ళు పక్కనే కాళ్ళు పిసుక్కుంటూ పడుకుని ఉంటారు కదా. మా గురించి ఏం రాసినావయ్యా అని ఒకడైనా అడిగి ఉంటాడా? ఈయనైనా చదివి వినిపించి ఉంటాడా? నాకు మా ఆయన మొగం కండ్లముందు కనపడింది, పుస్తకం మూసేసినాను.

నెల తిరిగింది. పత్రిక కట్ట మిల్లుకు వచ్చింది. నా పేజీలో ఏదో ప్రకటన వేసినారు. నేను కాచుకుని ఉన్నాను. మొదటి వారం ఎవరూ అడగలేదు. సోలారు ముసలాయన సంతలో ఎదురుపడి, బాగుండావామ్మా అని పలకరించి, పచ్చిమిరపకాయల బేరంలో పడిపోయినాడు. పేజీ మాట ఎత్తలేదు. రెండోవారమూ లేదు. నాకు కోపం వచ్చింది. ఎవరిమీద అంటే చెప్పలేను. రాయకపోయినా ఎవరికీ ఏమీ కాలేదు, మా అత్త అడిగింది సరిగ్గానే అడిగింది అనుకున్నాను.

మూడోవారం మా ఆయన షిఫ్టునుంచి వచ్చి, చొక్కా విప్పుకుంటూ, మొగం అటు తిప్పుకుని అన్నాడు: "వైండింగులో ఆడోళ్ళు అడుగుతాండారు. నీకు చెయ్యి బాగైందా లేదా అని."

"నా చెయ్యి సంగతి వాళ్ళకెట్ల తెలుసు?"

"నేనే చెప్పినా. పేజీ ఎందుకు రాలేదని పది దినాలుగా నన్ను తింటాండారు. నీకు చెయ్యి బాగాలేదని చెప్పినా."

అంటే నా అబద్ధాన్ని ఈయన కూడా మోసినాడు. చెయ్యి బాగానే ఉందని ఆయనకు తెలుసు, రోజూ చూస్తూనే ఉన్నాడు. మాట్లాడకుండా పది రోజులు మోసి, పదకొండోరోజు చెప్పినాడు.

అప్పుడు అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. శనివారం బువ్వ టైములో వైండింగు ఆడవాళ్ళు తొమ్మిదిపదిమంది ఆవిరిగది వెనకాల నీడలో కూచుంటారు. అందులో తెలుగు చదవడం వచ్చేది ఇద్దరికే. ఒకామె మడకశిర పక్కనుంచి వచ్చిన కోడలు. ఆమె పత్రిక మొత్తం గట్టిగా చదువుతుంది, తక్కినవాళ్ళు తింటా వింటారు. ఏడాదిమీద అయ్యిందంట ఈ పని మొదలుపెట్టి. నాకు ఎవరూ చెప్పలేదు. నేనేమో కట్టలో ఎన్ని పత్రికలు వస్తాయి, ఎన్ని మిగులుతాయి అని లెక్క వేస్తున్నాను. ఒక పత్రికకు పదిమంది ఉన్నారు.

తర్వాతి శనివారం పని కల్పించుకుని మిల్లుకు పోయినాను. మా ఆయన బువ్వ క్యారియరు మరచిపోయినాడు, నిజానికి నేనే మరపించినాను. ఈ నెల నా అబద్ధాలకు లెక్కలేదు.

మిల్లు లోపల ఎట్లుంటుందో మీకు నేను చెప్పేదేముంది. హిందూపురం నుంచో శిడ్లఘట్ట నుంచో వచ్చిన పచ్చిపట్టు వైండింగులో బాబిన్లకు ఎక్కుతుంది, డబ్లింగులో రెండు పోగులు ఒకటవుతాయి, ట్విస్టింగులో మెలి పడుతుంది. పడుగుకు మెలి ఎక్కువ, పేకకు తక్కువ. మెలి విడిపోకుండా ఆవిరి పెడతారు. మా ఆయన పని వరస వెంబడి నడుస్తూ, తెగిన పోగును చూసి ముడేయడం. ఎనిమిది గంటలు ఆ స్పిండిళ్ళ మోత. ఇంటికి వచ్చినాక కూడా ఆయన అరిచినట్టు మాట్లాడేది అందుకే. ఆ పోగు ఏ చీరలో పడింది, ఆ చీర ఏ ఊర్లో ఏ పెండ్లికూతురు కట్టింది, ఆయనకు ఎన్నడూ తెలియలేదు. నేను ఒకసారి అడిగితే, "తెలిసి ఏం చెయ్యాల?" అన్నాడు.

ఆవిరిగది గోడ పక్కన నిలబడినాను. వాళ్ళకు నేను కనపడను. కొత్త పత్రికలో నా పేజీ లేదు కాబట్టి పాతదే తీసినారు. గొలుసుది. మడకశిర ఆమె మోతలో వినపడాలని గట్టిగా అరిచి చదువుతోంది. నా మాటలు ఇంకొకరి నోట్లో వినడం అదే మొదలు. కొన్ని మాటలు మరీ పొడుగున్నాయి, ఆమెకు ఊపిరి చాలడం లేదు, నడుమ ఆగి నీళ్ళు తాగింది. నేను 'ఆర్థిక ఇబ్బంది' అని రాసిన చోట ఆమె 'దుడ్డుకు తొందరై' అని మార్చి చదివింది. అదే బాగుంది. నాకు ఆ మాట ఎందుకు తోచలేదో.

ఏడుపు మాట దగ్గరికి వస్తోందని నాకు తెలుసు. కాళ్ళు వణికినాయి. ఆమె ఆ చోటికి వచ్చింది, ఒక్క క్షణం ఆగింది, ఆ మాట దాటేసి కింది మాట అందుకుంది. వింటున్నవాళ్ళలో ఎవరూ, నడుమ ఏదో పోయిందే అని అడగలేదు. అందరికీ తెలుసు.

అయినాక ఒక పెద్దామె, "నా కమ్మలు మూడుసార్లు పొయ్యొచ్చినాయి" అంది. ఇంకొకామె, తనవి పోయినవి రానేలేదంది. తర్వాత మాట బియ్యం ధరమీదికి పోయింది. నేను క్యారియరు వాచ్‌మన్ చేతికిచ్చి వచ్చేసినాను. మా ఆయనను వెక్కిరించిన పిల్లోడికి ఆ పెద్దామె, "నీ పెండ్లాం కమ్మలు యాడుండాయో ముందు చెప్పు నాయినా" అని అందరి ముందర అన్నదని, అప్పటినుంచి వాడి నోరు మూతపడిందని మా ఆయన రాత్రి చెప్పినాడు. చెప్పేటప్పుడు కొంచెం నవ్వినాడు కూడా.

ఆ రాత్రే అడిగినాను. "ఇకమీద పంపేముందు నీకు చదివి వినిపిస్తా. వద్దంటే తీసేస్తా. సరేనా?"

"అన్నీ వినేదానికి నాకు టైము యాడుండాది? నా గురించి ఉంటే చెప్పు."

గొలుసు పేజీ తెచ్చి మొదటినుంచి చదివినాను. ఆయన పడుకుని, కండ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. ఏడుపు దగ్గర నేను ఆగలేదు. అయిపోయినాక చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయినాడేమో అనుకున్నాను.

"రాసింది నిజమే" అన్నాడు. "అయితే లోపలికి ఎందుకు రాలేదో నీకు తెలీదు కదా."

తెలియదు. సిగ్గుపడి రాలేదనే అనుకున్నాను, అట్లనే మీకు కూడా తోచేట్టు రాసినాను. సంగతి అది కాదు. మా మామ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అత్త తన కమ్మలు తీసి కొడుకు చేతికిచ్చింది. ఈయన అదే అంగడిలో కుదువ పెట్టినాడు. తర్వాత విడిపించలేకపోయినాడు. గడువు దాటిపోయింది, కమ్మలు మునిగిపోయినాయి. తల్లికి చెప్పలేదు. అడిగినప్పుడల్లా, ఉన్నాయిలేమ్మా, విడిపిస్తా అంటూ వచ్చినాడు. ఆ అంగడి ఆయన ఈయన మొగం చూసి నా ముందర ఆ మాట ఎత్తుతాడేమోనని బయటనే కూచున్నాడు. ఏడ్చింది నా గొలుసు కోసం కాదు. కమ్మల కోసం.

ఇరవై రెండేండ్ల కాపురం. పక్కనే కూచుని చూసి, రాసి, అచ్చు వేయించి, తప్పు రాసినాను. ఈసారి ఎవరూ కట్టె పట్టుకుని వాకిట్లోకి రాలేదు, వచ్చి చెప్పగలిగిన మనిషికి చదవడం రాదు కాబట్టి.

మేము మెల్లగానే మాట్లాడుకున్నాము అనుకున్నాము. ముందే చెప్పినాను, మిల్లు మనిషికి మెల్లగా మాట్లాడడం రాదు. చీకట్లో మంచం మీదనుంచి మా అత్త అంది:

"కమ్మలు పొయినాయని నాకు ఎప్పుడో తెలుసురా. నువ్వు చెప్తావేమో అని చూస్తాండా."

ఎవరూ దీపం వెయ్యలేదు. కొంచెంసేపటికి మా ఆయన లేచిపోయి ఆమె కాళ్ళ దగ్గర కూచున్నాడు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, విన్నా రాయను.

ఇది రాస్తానని మరుసటి రోజు ఇద్దరినీ అడిగినాను. మా అత్త "రాసుకో, నాకేం" అంది. మా ఆయన రెండు చోట్ల తీసేయమన్నాడు. ఒకటి డబ్బు లెక్క, తీసేసినాను. ఇంకొకటి తీయలేదు, దానికోసం ఒక సాయంత్రం వాదించుకున్నాము, ఆఖరికి "సరేలే, ఉండనీ" అన్నాడు. మడకశిర అక్కకు ఒక మాట: ఈసారి ఏదీ దాటెయ్యద్దు, ఆయన ఒప్పుకున్నదే రాసినాను. మాటలు కూడా పొట్టిగా రాసినాను, ఊపిరి చాలుతుంది.

మా పిల్లోడు తొమ్మిదో తరగతి. ఈ గొడవంతా చూసి, నాకు తెలుగు నేర్పించు అని కూచున్నాడు. నేర్పించేది పెద్దగా ఏమీ లేదు. వెయ్యేండ్ల కిందట ఈ రెండు లిపులూ ఒకటే అంటారు, చూస్తే అట్లనే ఉంది. గ, ద, న, ర, ల దగ్గర వాడు ఆగనే ఆగడు. తలకట్టు మాత్రం వాడి కంటికి అక్షరం మీద టిక్కు పెట్టినట్టు కనపడుతుందంట, బడిలో సారు దిద్దిన నోటుబుక్కు మాదిరి. క దగ్గర, త దగ్గర, హ దగ్గర ఇరుక్కుంటాడు. దీర్ఘాలు కన్నడంలో కొన్ని పక్కన వస్తాయి, మనకు పైన. వాటిని వెదుక్కుంటాడు. నిన్న ఈ కాగితం మీది పేరు చదవడానికి ఐదు నిమిషాలు పట్టింది. చదివి, "మా, ఎవురు కాదు, ఎవరు కదా రాయాల్సింది?" అన్నాడు. మీ అవ్వ అట్లనే అడిగిందిరా అని చెప్పినాను.

వచ్చే నెల కూతురి హాస్టలు అన్నం గురించి రాయాలని ఉంది. ఆమె ఫోన్లో విని, సరే అంటేనే.